నాన్నగారి పొట్టి మేజోళ్లు: ఒకటి పూర్తయింది

ఒక మేజోడు పూర్తయింది, రెండోది మడమ దగ్గర ఉంది.

నాన్నగారికి షుగర్. పాదాల్లో స్పర్శ తగ్గింది కాబట్టి ఏదైనా ఒరుసుకున్నా ఆయనకు తెలియదు. కొన్న మేజోళ్లతో చీలమండ దగ్గర రబ్బరు బిగిసి గీత పడుతోంది, వేళ్ల దగ్గర అతుకు చిటికెనవేలిని రాస్తోంది. అందుకే చేత్తో అల్లుతున్నాను. రంగు లేత గోధుమ: రక్తం గానీ చీము గానీ అంటితే వెంటనే కనబడాలి.

దారంలో 75 శాతం ఉన్ని, 25 శాతం నైలాన్. ఉత్త నూలు దారం సాగితే మళ్లీ దగ్గరికి రాదు, చెమట పడితే తడి ఆరదు. సూదులు 2.5 మి.మీ.వి, 10 సెం.మీ.కు 32 కుట్లు వస్తున్నాయి. పాదం చుట్టుకొలత 22 సెం.మీ. మేజోడు పాదాన్ని పట్టి ఉండేలా అందులో పదో వంతు తీసేస్తే దాదాపు 20, అంటే 64 కుట్లు. వాటిని ఎక్కించడం మాత్రం 3.5 మి.మీ. సూది మీద, అంచు వదులుగా ఉండాలి. ఆపైన రెండు నిట్ (సాదా కుట్టు), రెండు పర్ల్ (తిరగేసిన కుట్టు) చొప్పున 3 సెం.మీ.

పొట్టి మేజోడును నిలబెట్టేది ఈ అంచు కాదు, మడమ. పొడుగు మేజోడుకు పిక్క ఆసరా ఉంటుంది. దీనికి అది లేదు. మడమ లోతు చాలకపోతే నాలుగడుగులకే బూటులోకి దిగిపోతుంది. సగం కుట్లు, అంటే 32 మీద 32 వరుసలు మామూలు లెక్క. నాన్నగారి పాదం పైభాగం ఎత్తు కనుక 36 వేశాను. బయటి వైపు వరుసల్లో ఒక కుట్టు అల్లకుండా జరపాలి, పక్కది అల్లాలి. జరిపిన కుట్ల వెనుక దారం అడ్డంగా పరుచుకుని మడమ మందంగా, మెత్తగా తయారవుతుంది. అల్లికలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

మడమ కింద వంపు తిరిగేలా కుట్లు తగ్గిస్తూ అల్లడమే మడమ తిప్పడం. అది అయ్యాక 18 కుట్లు మిగిలాయి. మడమ రెండు పక్కల అంచుల నుంచి 18 చొప్పున కొత్త కుట్లు ఎత్తుకుని, పైభాగపు 32 కలిపితే 86. చుట్టు విడిచి చుట్టు రెండేసి తగ్గిస్తూ పోతే పదకొండో తగ్గింపుకు మళ్లీ 64.

పాదం పొడవుకు 5 సెం.మీ. తక్కువ ఉండగా వేళ్ల భాగం మొదలుపెట్టాను. కుట్లు తగ్గిస్తూ పోగా చివర మిగిలిన 16 కుట్లను ఎనిమిదేసి ఎదురెదురుగా పెట్టి, మొద్దు మొన సూదితో అల్లిక దారినే పోనిచ్చి కలిపాను. లోపల వేలు పెట్టి తడిమితే ఎక్కడా గట్టు తగలలేదు.

నాన్నగారు బూటు వేసుకుని సాయంత్రం నడిచి వచ్చారు. మేజోడు జారలేదు, చర్మం మీద గీత లేదు. రోజూ పాదాలు చూడటం మాత్రం మానం.

రెండోదానికి 36 వరుసలూ అయ్యాయి, ఇక మడమ తిప్పాలి. ఉతకడం చన్నీళ్లలోనే, వేడినీళ్లలో నలిపితే ఉన్ని కుంచించుకుపోతుంది.