సున్నా క్రెడిట్ల సబ్జెక్టు, మా ఊరి తూము

160 క్రెడిట్ల బీటెక్‌లో మా ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ వాటా సున్నా. అయినా పాస్ కాకపోతే పట్టా రాదు. కాలేజీల్లో ఈ పాఠం తప్పనిసరి కావడానికి మూలం 1991లో ఎం.సి. మెహతా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పని మేడమ్ మొదటి క్లాసులోనే చెప్పారు. నాది మెకానికల్, ఎవరికి పట్టింది! నెట్‌లో దొరికిన నాలుగు పేజీలు అతికించి చెరువుల మీద రిపోర్టు ఇచ్చేశాను. మూడో రోజు వెనక్కొచ్చింది. అట్ట మీద ఎర్ర పెన్నుతో ఒకటే ముక్క: "ఇందులో మీ ఊరేదీ?"

గడువు పది రోజులు. హన్మకొండలో బస్సెక్కి ఊరెళ్లాను. రామప్ప, పాకాల, లక్నవరం చెరువుల గురించి పుస్తకాల్లో ఉంటుంది, మా చెరువు గురించి ఎక్కడా లేదు. ఇరవై ప్రశ్నల ఫారం ప్రింట్ తీసుకుని కట్ట మీదికి పోయాను. అన్నిటికీ అవును, కాదు అని టిక్ పెట్టడమే. ముగ్గురిని అడిగేసరికి నాకే సిగ్గేసింది.

చెరువు నీళ్లు పంచే నీరటి తాత ఫారం చేతిలోకి తీసుకుని తిరగేసి చూశాడు. "గిదంతా ఎందుకు బిడ్డా, ఇటు రా" అని పొలాలకు నీళ్లు వదిలే తూము దగ్గరికి తీసుకుపోయాడు. దిగే మెట్లు నాచు పట్టి ఉన్నాయి. పైనుంచి మూడో మెట్టు మునిగితే చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకుతదట. ఏడో మెట్టు తేలితే యాసంగికి వరి వద్దని ఊళ్లో చెప్పేది తనేనట. వంతులవారీగా నీళ్లు వదిలినందుకు ఆయకట్టు రైతులు పంటకింత వడ్లు కొలిచేవాళ్లు. ఇప్పుడు తూము ఎత్తమని అడిగేవాళ్లే లేరు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీశారు, చెరువు నిండుతోంది. కానీ ఎవరి మోటారు వాళ్లకుంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు కూడా వచ్చింది.

ఫారాలు సంచిలో పడేసి మెట్ల బొమ్మ గీశాను. ఒక్కో మెట్టు ఎత్తు టేపుతో కొలిచి నీటి లెక్క కట్టాను. రిపోర్టులో అది మాత్రం బాగా కుదిరింది.

వైవాలో మేడమ్ లెక్క జోలికే పోలేదు. "తూము నీళ్లు మానేసి మొదట బోరు వేసిందెవరు? తూము పక్కనున్నవాళ్లా, చివర ఉన్నవాళ్లా?" అన్నారు. నేను అడగనే లేదు. శనివారం కనుక్కుని రమ్మన్నారు.

మళ్లీ బస్సు. ఈసారి నీరటి తాత పెద్దగా నవ్వాడు. "తూము కిందోళ్లకు బోరుతోని ఏం పని? నీళ్లు అందంది చివరోళ్లకే. మొదలు బోరేసింది మీ తాతనే, పోయి అడుగు."

ఇంటికెళ్లి అడిగితే తాత ముద్ద దించకుండానే అన్నాడు: "రెండేండ్లు నారు ఎండింది మరి. నీరటోనికి వడ్లు మాత్రం ఇచ్చినం."

ఆ మాట యథాతథంగా రిపోర్టు చివరి పేజీలో రాసి ఇచ్చాను. మేడమ్ సంతకం చేశారు.