నెయ్యి వల్ల కాదమ్మా

పోయిన నెల మా ల్యాబ్‌లో ఫిలిపిన్ పరీక్ష ఆపేశారు. కణాల్లో కొలెస్ట్రాల్ పేరుకుపోయే ఒక అరుదైన జబ్బుని పట్టడానికి పన్నెండేళ్లుగా నా చేతి మీద నడిచిన పరీక్ష. ఇప్పుడు రక్తంలో ఆక్సిస్టెరాల్స్ (కొలెస్ట్రాల్ నుంచి పుట్టే పదార్థాలు) చూస్తున్నారు, అనుమానం ఉంటే నేరుగా జన్యువే చదివేస్తున్నారు. ఫలితం త్వరగా వస్తుంది, పసిపిల్లల చర్మం కోయక్కర్లేదు. ఆపడమే న్యాయం. అయినా ఆ చీకటి గదిలో నా కళ్లతో చూసింది ఎక్కడైనా రాసి పెట్టుకోవాలనిపించింది.

ఫిలిపిన్ అంటే ఫిలిప్పీన్స్ మట్టిలో దొరికిన ఒక బ్యాక్టీరియా తయారుచేసే పదార్థం. కొలెస్ట్రాల్ కనబడితే దాన్ని అంటిపెట్టుకుంటుంది. అతినీలలోహిత కాంతి పడగానే నీలంగా వెలుగుతుంది. చిన్న చర్మపు ముక్క మా దగ్గరికొస్తే, దాంట్లోంచి ఫైబ్రోబ్లాస్టు అనే చర్మపు కణాల్ని పెంచడానికే వారాలు పట్టేది. తర్వాత వాటిని కొలెస్ట్రాల్ లేని సీరమ్‌లో పస్తుంచాలి. ఆ పైన ఎల్‌డీఎల్ (రక్తంలో కొలెస్ట్రాల్‌ని మోసే ఉండలు) పోసి, ఒక రోజు ఆగి, రంగు వేసి చూడాలి. ఆ వెలుగు ఎక్కువసేపు నిలవదు. ఫోకస్ సరిచేసుకునే లోపే వెలిసిపోతుంది. అందుకని ఒక మూలన ఫోకస్ కుదుర్చుకుని, స్లైడు పక్కకి జరిపి, ఊపిరి బిగబట్టి ఫోటో తీసేదాన్ని.

మామూలు కణమైతే లేత నీలం పలచగా పరుచుకుని ఉంటుంది. జబ్బు కణంలో కేంద్రకం చుట్టూ నీలి చుక్కలు గుత్తులు గుత్తులుగా మండుతుంటాయి. మొదటిసారి చూసినప్పుడు ఎంత అందంగా ఉందో అనుకున్నాను. ఆ స్లైడు ఆరేళ్ల పిల్లాడిదని పక్కనే ఫారం మీద రాసుంది. ఆ తర్వాత ఆ మాట మళ్లీ మనసులోకి రానివ్వలేదు.

జబ్బు పేరు నీమన్-పిక్ టైప్ సి. సుమారు లక్ష కాన్పుల్లో ఒకరికి వస్తుందంటారు. కొందరికి పుట్టగానే పచ్చకామెర్లు వచ్చి ఎంతకీ తగ్గవు, ప్లీహం పెరుగుతుంది. కొందరు బడికి వెళ్లే వయసు దాకా బాగానే ఉంటారు. తర్వాత నడక తడబడుతుంది, మాట ముద్దగా వస్తుంది. కనుగుడ్లు కిందికి తిరగవు, మెట్లు దిగాలంటే తల మొత్తం వంచాలి. గట్టిగా నవ్వితే ఒళ్లు సడలి కూలబడే పిల్లలూ ఉన్నారు. నవ్వించడానికి ఇంట్లోవాళ్లు భయపడతారు.

సాధారణంగా మేం తల్లిదండ్రుల్ని చూడం, డబ్బాల్నే చూస్తాం. ఒకసారి మాత్రం ఒకావిడ నల్గొండ వైపు నుంచి రిపోర్టు కోసం నేరుగా ల్యాబ్‌కే వచ్చేసింది. చేతిలో పిల్లాడి రక్తపరీక్ష కాగితం. కొలెస్ట్రాల్ మామూలుగానే ఉందని అందులో రాసుంది.

"రక్తంల మంచిగనే ఉందన్నరు మేడం. మరి కణాలల్ల కొలెస్ట్రాల్ అంటున్నరు. నేను కడుపుతోని ఉన్నప్పుడు నెయ్యి బాగ తిన్న. దానికేనా ఇట్లయింది?"

"నెయ్యి వల్ల కాదమ్మా" అని వెంటనే అన్నాను. మరి దేనివల్ల అన్నట్టు అలాగే నిలబడింది. కుర్చీ వేసి, పాత ఫారం వెనక బొమ్మ గీశాను.

మా అమ్మమ్మ ఉప్పు ఎవరి చేతికీ ఇచ్చేది కాదు, కింద పెట్టి తీసుకోమనేది. కొలెస్ట్రాల్ సంగతి దానికి సరిగ్గా తలకిందులు. 27 కార్బన్ల ఆ అణువుకి ఒక కొసన మాత్రమే నీళ్లంటే ఇష్టమైన హైడ్రాక్సిల్ ఉంటుంది, మిగతా ఒళ్లంతా నూనె స్వభావమే. కణంలో ఎటు చూసినా నీళ్లే. కింద పెడితే ఇక కదలదు. చేతి నుంచి చేతికే వెళ్లాలి.

రక్తంలోంచి వచ్చే ఒక్కో ఎల్‌డీఎల్ ఉండలో 1,500 దాకా కొలెస్ట్రాల్ ఎస్టర్లు, అంటే కొవ్వు ఆమ్లంతో ముడిపడిన కొలెస్ట్రాల్ అణువులు ఉంటాయి. కణం దాన్ని మింగి లైసోజోమ్‌లో, అంటే సరుకు అరిగించుకునే సంచిలో పడేస్తుంది, అక్కడి ఎంజైమ్ ఎస్టర్‌ని తెంచి కొలెస్ట్రాల్‌ని విడదీస్తుంది. దాన్ని బయటికి చేర్చేవి రెండు ప్రోటీన్లు. ఎన్‌పీసీ2 చిన్నది, లైసోజోమ్ లోపలి నీళ్లలో తిరుగుతుంటుంది. ఎన్‌పీసీ1 పెద్దది, 1,278 అమైనో ఆమ్లాలది, లైసోజోమ్ గోడలో 13 సార్లు దూరి నాటుకుని ఉంటుంది. చాకు అందించేటప్పుడు అలుగు మన వైపు ఉంచుకుని పిడి అవతలివాళ్ల వైపు పెడతాం కదా, అలాగన్నమాట. ఎన్‌పీసీ2 కొలెస్ట్రాల్ తోకని తన లోపల దాచుకుని, హైడ్రాక్సిల్ ఉన్న తలని బయటికి ఉంచుతుంది. ఎన్‌పీసీ1 ఆ తలనే పట్టుకుని లోపలికి తీసుకుంటుంది. మధ్యలో నీటి బొట్టు తగలకుండా చేతులు మారిపోతుంది. అమెరికాలోని డల్లస్‌లో బ్రౌన్, గోల్డ్‌స్టీన్ బృందం 2008-2010 మధ్య దీన్ని తేల్చింది. ఎల్‌డీఎల్‌ని కణంలోకి లాగే రిసెప్టర్‌ని కనిపెట్టి, 1985లో నోబెల్ అందుకున్నదీ ఆ ఇద్దరే. నోబెల్ వచ్చిన ఇరవై మూడేళ్లకి కూడా ఒక అణువు ఏ కొస ముందు పెట్టి వెళ్తుందో వెతుకుతున్నారంటే నాకు చెప్పలేని గౌరవం.

ఆ రెండింట్లో ఏది లేకపోయినా సరుకు లైసోజోమ్‌లోనే ఉండిపోతుంది. నేను చూసిన నీలి గుత్తులు అవే. అసలు దారుణం ఆ తర్వాతే. కణంలో కొలెస్ట్రాల్ ఎంతుందో కొలిచేది ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల అల్లిక. అక్కడి పొర కొవ్వుల్లో కొలెస్ట్రాల్ సుమారు 5 శాతం కన్నా తగ్గితే, ఇంకా తయారుచెయ్యి, ఇంకా తెచ్చుకో అని కేంద్రకానికి కబురెళ్తుంది. లైసోజోమ్‌లో ఇరుక్కున్నది అక్కడికి చేరదు కాబట్టి కబురు ఆగదు. కణం ఇంకా తెచ్చుకుంటూనే ఉంటుంది.

"గాదె నిండా వడ్లు, తాళంచెవి లేదు. పొయ్యి మీద ఎసరు మరుగుతానే ఉంది" అన్నాను. ఆవిడకి అర్థమైంది. నాకంటే బాగా అర్థమైంది.

అమెరికాలో పీటర్ పెంచెవ్ బృందం 1980లలో ఈ లోపం ఎక్కడుందో పట్టుకుంది. 18వ క్రోమోజోమ్ మీద జన్యువు దొరికింది 1997లో. రోగుల్లో దాదాపు 95 శాతం మందిలో చెడింది ఆ ఎన్‌పీసీ1 జన్యువే. 2011లో తెలిసిన సంగతి ఇంకోటుంది: ఎబోలా వైరస్ కణంలోకి దూరడానికి పట్టుకునేది కూడా ఈ ఎన్‌పీసీ1నే. ఎన్‌పీసీ1 చెడిన పిల్లల కణాల్లోకి ఎబోలా దూరలేదు. అది చదివిన రోజు పని చేయబుద్ధి కాలేదు.

ఇలాంటి చేతులు కణంలో ఇంకా చాలా ఉన్నాయి. అడ్రినల్ కణాల్లో స్టార్ అనే ప్రోటీన్ కొలెస్ట్రాల్‌ని మైటోకాండ్రియా లోపలికి చేరిస్తేనే కార్టిసాల్ హార్మోను తయారవుతుంది. కణం పై పొర నుంచి లోపలికి తెచ్చే ఆస్టర్ ప్రోటీన్ల గురించి 2018లోనే తెలిసింది. వాటి గురించి వేరే రాస్తాను.

ఆవిడకి చెప్పాల్సిన కష్టమైన మాట ఒకటి మిగిలింది. వాళ్లది మేనరికం. ఇద్దరి దగ్గరా చెడిన జన్యువు ఒక్కో ప్రతి ఉండి, పిల్లాడికి రెండూ వచ్చాయి. "నీ తప్పు కాదు, మీ ఆయన తప్పూ కాదు, మీ ఇద్దరికీ తెలిసే వీలే లేదు" అని రెండుసార్లు చెప్పాను. మందుల గురించి అడిగింది. మిగ్లుస్టాట్ జబ్బుని కొంత నెమ్మదింపజేస్తుందని చెప్పాను. అమెరికాలో అరిమోక్లోమాల్, లెవాసిటైల్ ల్యూసిన్‌లకి అనుమతి వచ్చింది 2024 సెప్టెంబరులో. అప్పటికి ఆవిడ వచ్చి వెళ్లి చాలా కాలమైంది.

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, మళ్లీ కడుపొస్తే ముందే తెలుస్తుందా అని అడిగింది. తెలుస్తుందన్నాను. నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందని, మీ ఇద్దరి జన్యువులో మార్పేంటో ముందే రాసి పెట్టుకుంటే, 11 వారాలు నిండాక మాయ నుంచి చిన్న ముక్క తీసి చూడొచ్చని చెప్పాను. "11 వారాలు" అని ఆ ఫారం వెనకే, నేను గీసిన బొమ్మ పక్కన రాయించుకుని, కాగితం నాలుగు మడతలు పెట్టి పర్సులో వేసుకుంది.