ముక్కు మేలుకున్నాక

సాయంత్రం క్యాష్ లెక్క సరిచూసుకుంటుంటే మేనేజరుగారు వెనక నుంచి, "ఏం మేడం, రాత్రంతా వెబ్ సిరీసా? కళ్ళు పీక్కుపోయాయి" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను. ఆయన మీద కంటే ఆ నవ్వు మీదే ఇప్పుడు ఎక్కువ మంటగా ఉంది. అక్కడేమైనా అని ఉంటే "సరదాకి అన్నాను మేడం, అంత సీరియస్సా" అనేవారు, అది ఇంకో తలనొప్పి.

కళ్ళ కింద నలుపు గురించి ఒకసారి చెప్పేస్తాను. నాకున్నది ముక్కు ఎలర్జీ, ఇకపై ఎవరూ నాకు క్రీముల పేర్లు పంపకండి. ముక్కు లోపల పొరలు వాచినప్పుడు కళ్ళ కింద నుంచి దిగాల్సిన రక్తం సన్న నాళాల్లో నిలిచిపోతుంది. పల్చటి చర్మం కదా, పైకి నల్లగా కనిపిస్తుంది. దోసకాయ చక్రాలకీ కలబందకీ అది లొంగదు.

ఇప్పుడు రాత్రి రెండున్నర. కుడివైపు ఒత్తిగిలితే కుడి ముక్కు బిగుసుకుంటుంది, ఎడమవైపు తిరిగితే ఎడమది. వెల్లకిలా పడుకుంటే రెండూ. నోటితో ఊపిరి పీల్చి పీల్చి గొంతు పిడచకట్టుకుపోయింది. పగలంతా నాలుగు తుమ్ములతో సరిపెట్టే ముక్కు, దిండు మీద తల ఆన్చగానే మేలుకుంటుంది. పడుకుంటే ముక్కులోకి రక్తం ఎక్కువగా చేరుతుంది. పైగా ఒంట్లో వాపుని అదుపులో ఉంచే కార్టిసాల్ అర్ధరాత్రి ప్రాంతానికి అడుగంటుతుంది. ఇక తెల్లవారుజామున ముక్కుది ఇష్టారాజ్యం.

మా ఆయన సంగతి మీకు తెలిసిందే. హుద్‌హుద్ తుఫాను నాడు కిటికీ అద్దాలు పగులుతుంటే భోజనం చేసి కునుకు తీసిన మనిషి. పక్కన నేను లేచి కూర్చుంటే "మాత్ర వేసుకోకపోయావా" అని అటు తిరుగుతారు. ఆ 'పోయావా'లో ఉన్న జాలి చూశారూ, అది నా మీద కాదు, చెడిన ఆయన నిద్ర మీద.

దీనికి తోడు పెద్దత్తగారు. కార్తీక మాసమని వచ్చారు, కార్తీకం అయ్యేదాకా ఉంటారు. నాలుగున్నరకే లేచి తలస్నానం, దీపం, ఆపైన అగరొత్తులు. ఒకటి కాదు, గుత్తి. నాకు నిద్ర పట్టేదే ఆ వేళకి. ఆ పొగ తలుపు సందులోంచి వచ్చి నా ముక్కుకి తగలడం, నేను వరసగా తుమ్మడం, హాల్లోంచి ఆవిడ "చిరంజీవ" అనడం. ఆశీర్వాదమే, కాదనను. కానీ ఆరున్నరకి నేను బయటికి వస్తే "ఏటమ్మా, ఇప్పుడు తెల్లారిందా? మా రోజుల్లో ఈ ఎలర్జీలు ఎక్కడివి, పని లేక కాకపోతే" అంటారు. బ్యాంకులో తొమ్మిది గంటలు, ఇంట్లో మిగతాది. పనే లేదు నాకు. నిన్న అగరొత్తులు దేవుడి గూడు దగ్గర కాకుండా బాల్కనీ తులసికోట దగ్గర వెలిగించమని ఎంత మెత్తగా అడగాలో అంత మెత్తగా అడిగాను. "నా పూజ పొగ మీకు పడట్లేదన్నమాట" అని మధ్యాహ్నం దాకా కాఫీ ముట్టలేదు. చివరికి చిన్నది వెళ్ళి బతిమాలింది. చిన్నది బతిమాలితే వింటారు.

మా రోజుల్లో ఎక్కడివి అంటారు గానీ, మా నాన్న ఆ రోజుల వాడే.

నాన్న మంచం మీద పడుకోగా నేను చూసింది తక్కువ. బొబ్బిలి ఇంట్లో వసారాలో పడక్కుర్చీ ఉండేది, టేకుది, చేతుల మీద వార్నిష్ పోయి నున్నబడింది. రాత్రి భోజనం కాగానే తువ్వాలు భుజాన వేసుకుని అందులో వాలిపోయేవాడు. "మీ నాన్నకి ఆ కుర్చీలో తప్ప నిద్ర పట్టదు" అని అమ్మ అందరితో అనేది, వచ్చిన చుట్టాలు నవ్వేవాళ్ళు. జేబులో ఎప్పుడూ ముక్కు చుక్కల సీసా. ఆ చుక్కలు నాలుగైదు రోజులు దాటి వాడితే, వాడకం ఆపినప్పుడల్లా ముక్కు ఇంకా గట్టిగా మూసుకుంటుంది. అలా సీసా మీద సీసా.

ఎండాకాలం వస్తే దూదేకే ఆయన వచ్చేవాడు. పరుపులు, దిండ్లు విప్పి పెరట్లో పోస్తే గట్టిపడిన దూదంతా ఉండలు ఉండలుగా ఉండేది. ఆ పెద్ద విల్లు భుజానికి తగిలించుకుని తీగ మీద చెక్కతో కొడుతుంటే 'టుంయ్ టుంయ్'మని వీధి చివరిదాకా మోగేది. దూది లేచి నూతి గట్టు మీద, సన్నజాజి పాదు మీద, మా జుట్లలో. మాకు పండగ. నాన్న మాత్రం ఆ పొద్దున్నే పేపరు చంకలో పెట్టుకుని రైల్వే స్టేషనుకి వెళ్ళిపోయేవాడు. ఏ రైలూ ఎక్కడానికి కాదు, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చోడానికి. పొద్దుగూకాక వచ్చి, పరుపులు కుట్టేశారా అని అడిగి, అప్పుడు గడప దాటేవాడు. ఆయనకి పని తప్పించుకోవడం తెలుసని మామయ్యలు వేళాకోళం చేసేవాళ్ళు. ఒకసారి అమ్మే అందరి ముందూ అంది, "దూది బస్తా మోయాల్సి వస్తుందని పారిపోతారు" అని. నాన్న ఏమీ అనలేదు, ముక్కు చీదుకున్నాడు, అంతే.

తల ఎత్తుగా ఉంటే ముక్కు కాస్త తెరుచుకుంటుందని నాన్నకి ఏ డాక్టరూ చెప్పి ఉండడు. ఒళ్ళే చెప్పి ఉంటుంది. మధ్యాహ్నం ఆఫీసులో ఫైలు ముందు తూగుతున్నాడని మెమో కూడా ఇచ్చారట, అమ్మ ఈ మధ్యే చెప్పింది. రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చిందో మనకే గుర్తుండదు. ఊపిరి అందక నిద్ర పైపైకి తేలుతుంది, మళ్ళీ మునుగుతుంది. పొద్దున లెక్కేసుకుంటే ఏడు గంటలు పడుకున్నట్టే ఉంటుంది, ఒళ్ళు మాత్రం ఒప్పుకోదు.

సరే, చెట్టు విషయం. అసలు ఈ టపా దాని గురించే రాద్దామనుకున్నాను.

హుద్‌హుద్ 2014 అక్టోబరులో మా విశాఖ చెట్లన్నీ ఊడ్చేశాక, తొందరగా ఎదుగుతాయని వీధి వీధికీ ఏడాకుల పాల మొక్కలు పెట్టారు. ఎదిగాయి. ఇప్పుడు చలి మొదలయ్యే వేళకి ఆకుపచ్చ తెలుపు గుత్తులు విరగబూస్తాయి. పగలు పెద్దగా తెలీదు, చీకటి పడ్డాక ఆ ఘాటు తలకెక్కుతుంది. చెట్టు కొట్టేయమని మా అపార్ట్‌మెంట్ వాళ్ళు అర్జీ రాసి సంతకాలు సేకరిస్తున్నారు. ఈ వాసనకే మీకు ఈ అవస్థ అని సెక్రటరీగారు నా పేరుకి మొదట్లోనే ఖాళీ ఉంచారట. గొడ్డలి నా చేతికే ఇవ్వండి అందామనుకున్నాను, నిజంగా.

కానీ రాస్తూ రాస్తూ ఆలోచిస్తే లెక్క కుదరట్లేదు. ఈ చెట్టు పూసేది కొన్ని వారాలు. నాకు శ్రావణంలోనూ ఇదే పాట. పైగా వాసనకి పురుగులొచ్చి పుప్పొడి మోసుకెళ్ళే చెట్టు అది, గడ్డి జాతుల్లా గాలికి వదిలేసే రకం కాదు. ఘాటు వాసన వాచిన ముక్కుని ఇంకా రేపుతుంది, అది నిజమే, అగరొత్తులూ అంతే. వాచేలా చేసేది వేరే. వెనక ఖాళీ స్థలంలో నడుము లోతు వయ్యారిభామ ఉంది, దాని మీద మాత్రం ఎవరూ అర్జీ పెట్టరు. అమెరికా గోధుమలతో 1950ల్లో దిగిందంటారు, అప్పటి నుంచి రైల్వే పట్టాల వెంబడి మన ఊళ్ళన్నీ తిరిగింది. శాంతినికేతన్‌లో పట్టా ఇచ్చేటప్పుడు ఏడాకుల పాల రెమ్మ చేతికిచ్చేవారు, మనం దాన్ని దెయ్యం చెట్టంటున్నాం. సంతకం ఇప్పట్లో పెట్టను. అలాగని చెట్టు తరఫున వాదించే ఓపికా లేదు, ఊళ్ళో లేనని చెప్పించేస్తాను.

పోయిన వారం చూపించుకున్న ఈఎన్‌టీ డాక్టరమ్మ తుమ్ముల గురించి అడగనే లేదు. "నిద్ర ఎలా పడుతోంది? లేచాక పడుకున్నట్టు ఉంటోందా?" అన్నారు. కుర్చీలోనే కళ్ళు చెమర్చాయి, ఎలర్జీ నీళ్ళనుకుని ఆవిడ టిష్యూ ఇచ్చారు. నిద్ర చెడగొట్టే ముక్కుని 'మైల్డ్' లెక్కలో వెయ్యరట, ఎన్ని తుమ్ములన్నది తరవాతి మాట. నేను వేసుకుంటున్న పాతకాలం ఎలర్జీ మాత్ర ఎవిల్ ఆపేయమన్నారు. ఎలర్జీలో తుమ్ములు తెప్పించేది హిస్టమిన్ అనే పదార్థం, మెదడులో మనల్ని మెలకువగా ఉంచేది కూడా అదే. పాత మందులు అక్కడిదాకా వెళ్ళి దాన్నీ నొక్కేస్తాయి, అందుకే మగత. కలలొచ్చే నిద్ర తగ్గిపోతుంది, మర్నాడు పగలు కూడా బుర్ర మొద్దుబారి ఉంటుంది. నోట్ల కట్టలు రెండోసారి, మూడోసారి లెక్కపెట్టడం ఎందుకో అప్పుడు తెలిసింది. రోజూ కొట్టుకోమని ముక్కు స్ప్రే ఇచ్చారు, కుడి ముక్కుకి ఎడమ చేత్తో, ఎడమ ముక్కుకి కుడి చేత్తో, మధ్య గోడకి కాకుండా చెవి వైపు. వెంటనే పని చేయదు, కొన్నాళ్ళు ఆగాలి. ఆగుతున్నాను. మొన్న శనివారం రాత్రి తెల్లవార్లూ పడుకున్నాను కూడా.

ఇక పరుపు. అందులో కంటికి కనపడని ధూళి పురుగులుంటాయి, మన ఒంటి పొట్టు తిని, గాలిలో తేమ పీల్చుకుని బతుకుతాయి. సముద్రం పక్కన తేమకేం కొదవ. ముక్కుకి పడనిది ముఖ్యంగా వాటి విసర్జన. ఎండకి పురుగులు చస్తాయి, అది మాత్రం ఉతికితేనే పోతుంది, పరుపుని ఉతకలేం కదా, అందుకని జిప్పున్న తొడుగు వేయమన్నారు. దుప్పట్లు, గలీబులు బాగా కాగిన నీళ్ళలో వారం వారం. ఈ ఆదివారం పరుపు మేడ మీదికి మోసి, దులిపి, ఎండబెట్టి, తొడుగు ఎక్కించాలి. నేను ఆ దరిదాపుల్లో ఉండకూడదు, బీచ్‌కో అమ్మ దగ్గరికో పోతాను. మోసేది ఆయనే. ఆయనకింకా చెప్పలేదు.