సలేశ్వరం దారిలో చెవి మిషన్లు

నల్లమల అడవిలో లింగమయ్యకు, అంటే శివుడికి, జరిగే సలేశ్వరం జాతరకు పోయొచ్చినవాళ్లు లోయ గురించి చెప్తారు, జలపాతం గురించి చెప్తారు. కేకల గురించి నాకెవరూ చెప్పలేదు. వాళ్లకది లెక్కలోకి రాదేమో. రెండు చెవులకూ వినికిడి మిషన్లు పెట్టుకునే నాకు మాత్రం ఆ దారిలో అసలు పరీక్ష అదే.

చైత్ర పౌర్ణమి ముందూ వెనకా కొద్ది రోజులే అటవీశాఖ ఈ దారి తెరుస్తుంది. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం మరి. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటి, ఫరహాబాద్ గేటు దగ్గర అడవిలోకి తిరిగి, బండ్లు ఆగేచోట దిగి నడక మొదలుపెట్టాం. తోడు మా అక్క కొడుకు. "నువ్వు వెనక రాకు, ముందు నడువు. ఏదన్నా చెప్పాలంటే నా వైపు తిరిగి చెప్పు" అన్నాను. పెదాలు కనిపిస్తే సగం మాట అక్కడే దొరుకుతుంది నాకు.

ఎండాకాలం నడకలో మిషన్‌కు శత్రువు చెమట. చెవి వెనక నుంచి కారి మైకులోకి దిగితే మనుషుల గొంతులు బిందెలోంచి వచ్చినట్టుంటాయి. నావి బ్యాటరీ వేసే రకం. ఆ బిళ్లలకు సన్న రంధ్రాలుంటాయి, వాటిలోంచి గాలి అందితేనే పనిచేస్తాయి. తడికి అవి మూసుకుపోతే కొత్త బ్యాటరీ అయినా మిషన్ ఆగిపోతుంది. అందుకే నుదుటికి నూలుగుడ్డ కట్టుకున్నాను. తల మీద తువ్వాలు కప్పుకోమని దారిలో ఒకటే సలహాలు! గుడ్డ మిషన్‌కు ఆనిందంటే కుయ్యిమని కూస్తుంది, అది వాళ్లకేం తెలుసు.

లోయలోకి దిగే దారి చాలాచోట్ల ఒక మనిషి పట్టేంతే. ఒకపక్క కొండ, ఇంకోపక్క పల్లం. దిగేవాళ్లు "వస్తున్నాం లింగమయ్యా" అంటారు, తిరిగి ఎక్కేవాళ్లు "పోయొస్తాం లింగమయ్యా" అంటారు. మలుపు అవతల ఎదురొస్తున్నారా, మనతోపాటు దిగుతున్నారా అన్నది ఆ కేకతోనే తెలుస్తుంది. నాకు "లింగమయ్యా" ఒక్కటే స్పష్టంగా అందేది, తేడా తెలిపే మొదటి మాట గోలలో కలిసిపోయేది. పైగా మిషన్ చిన్న శబ్దాన్ని పెంచుతుంది, పెద్దదాన్ని తగ్గిస్తుంది. దాంతో దూరపు కేకా, వీపు వెనక కేకా ఒకేలా ఉంటాయి. కాసేపు టెన్షన్ పడి, తర్వాత వినడం మానేసి చూడటం మొదలుపెట్టాను. ముందువాళ్లు కొండకు ఆనుకుంటే నేనూ ఆనుకున్నాను.

ఒకావిడ వెనక నుంచి భుజం తట్టి, "ఎంతసేపు పిలవాలె నిన్ను?" అంది. మిషన్ చూపించాను. అయ్యో అనుకుందేమో, నా చెవి దగ్గరకొచ్చి ఇంకా గట్టిగా అరిచింది. అందరూ చేసేదే ఇది. అరిస్తే మాట పగులుతుంది తప్ప అర్థం కాదు. ఎదురుగా నిలబడి నిదానంగా చెప్తే చాలు.

జలపాతం దగ్గర మిషన్లు తీసేసి, తేమ పీల్చే సిలికా పొట్లం వేసిన మూత డబ్బాలో పెట్టి మా అక్క కొడుకు చేతికిచ్చాను. నీళ్ల కింద నిలబడితే ఆ హోరు చెవికి అందలేదు గానీ, నడినెత్తి మీద, పుర్రెలో, పళ్లలో తెలిసింది. తడిబట్టలతోనే గుహలో లింగమయ్య దర్శనానికి పోయాం. అక్కడ పూజ చేసేది చెంచులే. పూజారి నావైపు చూసి ఏదో అన్నాడు. దీవెన అనుకుని భక్తిగా దండం పెట్టాను. బయటికొచ్చాక ఏమన్నాడని అడిగితే మావాడు నవ్వాపుకోలేక, "బేగి ముందుకు జరగమన్నడు చిన్నమ్మా" అన్నాడు.

చెవులు బాగా తుడుచుకుని, కొత్త బ్యాటరీల స్టిక్కర్ పీకి, ఒక నిమిషం గాలికి ఉంచి వేసుకున్నాను. సగం ఎక్కేసరికి ఎడమది చెమటకు ఆగిపోయింది. దాన్ని డబ్బాలో వేసి, కుడిచెవితోనే ఎక్కాను. "పోయొస్తాం లింగమయ్యా" అని నేనూ అరిచాను, మావాడు రెండుసార్లు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా.