నాలుగు వేల కారుకి మూడున్నర వేల రిపేరు

నాలుగు వేల డాలర్లకి కొన్న కారుకి ఇంజిన్ మార్పించడానికి మూడున్నర వేలు పెట్టానంటే ఎవరైనా నవ్వుతారు. మా రూమ్మేట్లు నవ్వారు, ఆఫీసులో నవ్వారు. ఫోన్‌లో మా బావ అయితే ఆ మొత్తాన్ని రూపాయల్లోకి మార్చి చెప్పి మరీ తిట్టాడు.

వాళ్ళంతా రిపేరు ఖర్చుని కారు ధర పక్కన పెట్టి చూశారు. నేను చూసుకున్నది వేరే: అదే డబ్బు జేబులో పెట్టుకుని బయటికి వెళ్తే ఏం దొరుకుతుంది? చిప్‌ల కొరతతో 2021లో పాత కార్ల ధరలు ఆకాశానికెక్కాయి, ఆ తర్వాత కొంత దిగినా మళ్ళీ పాత స్థాయికి రాలేదు. మూడున్నర వేలకి వచ్చేది లక్షన్నర మైళ్ళు తిరిగి, ఎవరెవరు ఎలా వాడారో తెలియని ఇంకో కారు. దాని అద్దానికి 'యాజ్ ఈజ్' అని కాగితం అంటించి ఉంటుంది. అంటే ఉన్నది ఉన్నట్టుగా అమ్ముతున్నారు, డీలర్ స్థలం దాటాక ఏం జరిగినా మన ఖర్మే. నా కారు సంగతి నాకు తెలుసు. గేర్లు మెత్తగా పడతాయి, టైర్లు కొత్తవి, కింద తుప్పు లేదు. పోయింది ఇంజిన్ ఒక్కటే.

"దాన్ని స్క్రాప్‌కి తోలేసి లోన్ మీద మంచిది తీసుకో అన్నా" అన్నాడు మా చిన్న రూమ్మేట్. వాడిది మాస్టర్స్ అయిపోయి కొత్తగా చేరిన ఉద్యోగం, ధైర్యం ఎక్కువ. ఐదేళ్ళ లోన్ తీసుకోవాలంటే ఐదేళ్ళు ఇక్కడే ఉంటానని నాకెవరైనా హామీ ఇవ్వాలి కదా. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఇక్కడ అమెరికాలో ఉన్నవాడికి ఉద్యోగం పోతే మహా అయితే 60 రోజుల గడువు. ఆలోపు ఇంకో కంపెనీ పిటిషన్ వేయకపోతే సామాను సర్దుకోవాల్సిందే. పైగా నా క్రెడిట్ హిస్టరీ ఇంకా పసిది, వడ్డీ రేటు వింటేనే టెన్షన్. నెలనెలా కట్టేదాని కంటే ఒకేసారి పోయే డబ్బే నాకు నయమనిపించింది.

కారు లేకుండా గడిపే దారి మాత్రం లేదు. నేనుండేది టెక్సస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో. డాలస్ ప్రాంతంలో తిరిగే డార్ట్ బస్సులూ రైళ్ళూ పక్క ఊరు ప్లేనో దాకా వస్తాయి, ఫ్రిస్కోలోకి రావు. క్లయింటేమో వారంలో ఎక్కువ రోజులు ఆఫీసుకి రమ్మంటాడు. కొన్నాళ్ళు ఊబర్, కొన్నాళ్ళు టీమ్‌లో ఒకాయన కారులో. రోజూ ఒకరి టైముకి మనం సిద్ధంగా నిలబడటం ఎంత ఇబ్బందో పడ్డవాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళు ఏమీ అనరు, అదే ఇంకా కష్టం.

ఇక ఇంజిన్ సంగతి. 121 హైవే మీద వెళ్తుంటే లోపల టకటకమని శబ్దం మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ అదీ జోరందుకుంది, వెంటనే ఆయిల్ లైటు వెలిగింది. పక్కకి ఆపేసి టో ట్రక్ పిలిచాను. మొదట తీసుకెళ్ళిన చోట బానెట్ ఎత్తి చూసి "ఇంజిన్ పోయింది" అన్నారు, ఒక్క పరీక్షా చెయ్యలేదు. ఈ మాట మీద మాత్రం డబ్బు పెట్టకూడదు. హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ పై భాగమైన హెడ్‌కీ కింది భాగానికీ మధ్య ఉండే సీలు, పోయినా 'ఇంజిన్ పోయింది' అనేవాళ్ళున్నారు. టైమింగ్ బెల్టు తెగి వాల్వులు వంగినా అదే మాట అంటారు. చాలాసార్లు ఆ రెండింటికీ హెడ్ విప్పి బాగుచేస్తే సరిపోతుంది.

రెండో మెకానిక్ మెక్సికో నుంచి వచ్చిన పెద్దాయన. నా ఇంగ్లీషు ఆయనకి వేగం, ఆయన ఇంగ్లీషు నాకు పొదుపు. అందుకే నోటితో చెప్పకుండా చేత్తో చూపించాడు. ఆయిల్ ఫిల్టర్‌ని నిలువునా కోసి, లోపలి కాగితం మడతల్ని వెలుతురులో విప్పాడు. మెరిసే లోహపు పొడి కనిపించింది. పిస్టన్‌ని కింది షాఫ్ట్‌తో కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ అరిగి, ఆ పొడి ఇంజినంతా తిరిగిందన్నమాట. ఇక రిపేరు అనే మాటకి అర్థం లేదు, మార్చాల్సిందే. "మై ఫ్రెండ్, ఫినిష్" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

మార్చడంలోనూ రకాలున్నాయి. ఫ్యాక్టరీలో పూర్తిగా విప్పి కొత్త భాగాలతో బిగించిన రీమ్యాన్యుఫాక్చర్డ్ ఇంజిన్ కొంటే దాని ఒక్కదాని ధరే నా కారు ధర దాటుతుంది. చవక కారుకి మిగిలే దారి ప్రమాదంలో దెబ్బతిన్న బండి నుంచి తీసిన పాత ఇంజిన్. నాకు దొరికింది 1,300 డాలర్లు. కూలి గంటకి 110 చొప్పున 15 గంటలు, అంటే 1,650. సీళ్ళు, గాస్కెట్లు, ఆయిల్, కూలెంట్ కలిపి 450. పన్నుతో మూడున్నర వేలు దాటింది. ఇంకో 200 కోర్ డిపాజిట్, పాత ఇంజిన్ తిరిగిస్తే అది వెనక్కి వస్తుంది.

అన్నిటికంటే పెద్ద పద్దు కూలిదేనని గమనించారా? చాలామంది ఇక్కడే బోల్తాపడతారు. 'తక్కువ మైళ్ళు తిరిగిన ఇంజిన్' అని సంబరపడి కొంటారు. అది చెడిపోతే దాన్ని అమ్మిన పాత బండ్ల యార్డు వాళ్ళు ఇంకో ఇంజిన్ ఇస్తారు, దాన్ని దించి ఎక్కించే కూలి మాత్రం మళ్ళీ మనమే కట్టాలి. అందుకే కొంచెం ఎక్కువ పెట్టయినా కూలిని కూడా భరించే వారంటీ రాయించుకున్నాను. ఆ కాగితంలో షరతులుంటాయి. ఇంజిన్ మీద చిన్న లోహపు బిళ్ళ అంటించి పంపుతారు, ఇంజిన్ అతిగా వేడెక్కితే దాని నడిమి భాగం కరిగిపోతుంది. కరిగిందా, వారంటీ గోవిందా.

ఇంజిన్ ఎంచుకునేటప్పుడు నేను పట్టుబట్టింది దాత కారు, అంటే ఆ ఇంజిన్ తీసిన బండి, విన్ నంబరు కోసం. ప్రతి బండికీ వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య అది. అది ఇవ్వనంటే ఆ యార్డు వదిలేయడమే మంచిది. నంబరుంటే ఆ బండి చరిత్ర తీయవచ్చు, ప్రమాదం నాటికి ఎన్ని మైళ్ళు తిరిగిందో, దెబ్బ ఎటు తగిలిందో చూడవచ్చు. వెనక నుంచి గుద్దించుకున్న కారు ఇంజిన్ అయితే నిశ్చింత. చాలా కార్లలో విన్‌లోని 8వ అక్షరం ఇంజిన్ రకం చెబుతుంది, అది మన కారుతో కలవాలి.

ఇంజిన్ బయట ఉన్నప్పుడే వెనక మెయిన్ సీల్, వాటర్ పంప్, థర్మోస్టాట్, ప్లగ్గులు కొత్తవి వేయించాను. ఒక్కో భాగం ధర కొంచెమే, తర్వాత వాటి కోసం మళ్ళీ విప్పితే కూలి తడిసిమోపెడవుతుంది. పెద్దాయన తనంతట తాను మార్చాలని పట్టుబట్టింది ఇంజిన్ ఆయిల్‌ని చల్లబరిచే ఆయిల్ కూలర్. పాత దానిలో లోహపు పొడి ఇరుక్కుని ఉంటుంది, అదే మళ్ళీ తగిలిస్తే కొత్త బేరింగుల గతీ అంతే అన్నాడు. దానికి వేరే బిల్లు వేశాడు, నోరెత్తకుండా కట్టేశాను.

మన దగ్గర ఆర్‌సీలో ఇంజిన్ నంబరు ఉంటుంది కాబట్టి మార్చితే ఆర్టీవోకి తెలియజేయాలి. ఆ భయంతోనే ఇక్కడా ఆరా తీశాను. ఇక్కడి టైటిల్, అంటే కారు యాజమాన్య పత్రం, విన్ మీదే నడుస్తుంది, కాగితం మారలేదు. కాలిఫోర్నియాలో మాత్రం ఇంజిన్ కారు తయారైన ఏడాదిదో అంతకంటే కొత్తదో అయి ఉండాలనీ, పొగ నియంత్రణ సామగ్రి సరిగ్గా ఉండాలనీ నిబంధన ఉంది.

టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు, డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో ఎమిషన్స్ (పొగ) పరీక్ష మాత్రం ఉంచారు. అక్కడ ఇంకో పేచీ. బ్యాటరీ తీసి పెట్టడంతో కారులోని కంప్యూటర్ జ్ఞాపకమంతా చెరిగిపోయింది. పొగ గురించి ఆ కంప్యూటర్ తనంతట తాను చేసుకునే పరీక్షలు పూర్తి కాలేదని వెనక్కి పంపారు. అవి పూర్తవ్వాలంటే చల్లటి ఇంజిన్‌తో మొదలుపెట్టి, హైవే మీద ఒకే వేగంతో కొంతసేపు నడపాలి. ట్యాంకు నిండుగా ఉన్నా, అడుగంటినా వాటిలో ఒకటి జరగనే జరగదు. ఆఫీసు నుంచి వచ్చాక టోల్ లేని 75 హైవే మీద పనీపాటా లేకుండా తిరిగాను. రూమ్మేట్లకి అదో జోకు.

ఓడోమీటర్ పాత అంకెలే చూపిస్తుంది, అది బాడీది. రేపు అమ్మితే ఇంజిన్ తిరిగిన మైళ్ళు వేరని రాసిచ్చి, యార్డు బిల్లూ దాత కారు నివేదికా జతచేసి ఇస్తాను. అవి రెండూ గ్లవ్ బాక్స్‌లో ఇన్సూరెన్స్ కాగితంతో పాటే ఉన్నాయి. చిన్న రూమ్మేట్ కొత్త కారు చూడటానికి డీలర్ దగ్గరికి వెళ్తూ మొన్న ఈ కారే అడిగి తీసుకెళ్ళాడు.