టీఎస్‌హెచ్ పెరిగితే అన్నిసార్లూ థైరాయిడ్ కాదు

వేసవిలో అమ్మకు విపరీతమైన నీరసం. బరువు తగ్గింది, బీపీ 90/60. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి దగ్గరి ల్యాబ్‌లో ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించాం. శాంపిల్ తీసుకునే అబ్బాయి పొద్దున రావాల్సింది సాయంత్రం 5కి వచ్చాడు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) 7.2, అంటే ఎక్కువ. ఫ్రీ టీ4 (థైరాయిడ్ ఇచ్చే హార్మోన్) నార్మల్, కార్టిసాల్ (అడ్రినల్ గ్రంథులు ఇచ్చే హార్మోన్) 3.4, అంటే తక్కువ. మేం చూపించిన డాక్టరు గారు కార్టిసాల్ దగ్గర ఆగలేదు, సాయంత్రం తక్కువే ఉంటుందిలెమ్మని థైరాయిడ్ మాత్ర 50 మైక్రోగ్రాములు రాశారు.

ఆయన చెప్పిందాంట్లో సగం నిజం. కార్టిసాల్ పొద్దున 8 ప్రాంతంలో బాగా ఎక్కువ ఉండి, అర్ధరాత్రికి అడుగంటుతుంది. కాబట్టి సాయంత్రం తక్కువ వస్తే జబ్బు ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు, పొద్దున్నే మళ్ళీ తీయించాలి, అంతే. ఆ మాట మాకెవరూ చెప్పలేదు.

మాత్ర మొదలుపెట్టిన పది రోజులకు అమ్మ మంచం దిగలేకపోయింది. వాంతులు, లేస్తే కళ్ళు తిరగడం. ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) దగ్గరికి పరుగెత్తాం. ఆవిడ రిపోర్టుల కంటే ముందు అమ్మ చేతులు పట్టుకుని అరచేతులు తిప్పి చూశారు. గీతలన్నీ నల్లగా, పెన్నుతో గీసినట్టు ఉన్నాయి, చిగుళ్ళ మీద కూడా మచ్చలు. "ఎండలో మిరపకాయలు ఆరబెట్టాను కదమ్మా, అందుకే నల్లబడ్డాను" అంది అమ్మ. "ఉప్పు ఎక్కువ తినాలనిపిస్తోందా అమ్మా?" అని ఆవిడ అడిగితే నాకు గుండె జారిపోయింది. నెల రోజులుగా అమ్మ మజ్జిగలో ఉప్పు మీద ఉప్పు వేసుకుంటోంది, నేను బీపీ వస్తుందని కోప్పడుతున్నాను.

మర్నాడు ఉదయం 8కి తీస్తే కార్టిసాల్ 2.6, ఏసీటీహెచ్ (కార్టిసాల్ తయారుచేయమని పిట్యూటరీ పంపే హార్మోన్) బాగా ఎక్కువ. అంటే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి గట్టిగా అడుగుతోంది, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు ఇవ్వలేకపోతున్నాయి. దీన్నే అడిసన్స్ అంటారు, 1855లో థామస్ అడిసన్ వివరించిన జబ్బు. ఆ నలుపూ, ఉప్పు మీద కోరికా దీని గుర్తులే. మన దేశంలో టీబీ వల్ల కూడా వస్తుంది కాబట్టి స్కాన్ కూడా చేయించారు.

మరి టీఎస్‌హెచ్ ఎందుకు పెరిగింది? టీఎస్‌హెచ్‌ను కాస్త అదుపులో ఉంచేది కార్టిసాలే, అది లేకపోతే థైరాయిడ్ బాగున్నా ఈ అంకె పెరగొచ్చు. పైగా థైరాయిడ్ మాత్ర శరీరంలో ఉన్న కాస్త కార్టిసాల్‌నీ త్వరగా ఖర్చు చేయిస్తుంది. అందుకే అడ్రినల్ అనుమానం ఉంటే ముందు కార్టిసాల్ సంగతి తేల్చుకుని, అవసరమైతే దానికి మందు ఇచ్చాకే థైరాయిడ్ మాత్ర ఇవ్వాలి. ఈ వరస తప్పితే ప్రాణం మీదికి వస్తుంది, మాకు దాదాపు వచ్చింది.

డాక్టరమ్మ థైరాయిడ్ మాత్ర ఆపేసి, కార్టిసాల్ బదులు ఇచ్చే హైడ్రోకార్టిసోన్ మొదలుపెట్టారు, పొద్దున ఎక్కువ, మధ్యాహ్నం కొంచెం. దాంతోపాటు ఉప్పు నిలవడానికి ఫ్లూడ్రోకార్టిసోన్. ఒక్క రోజు కూడా మానకూడదు, జ్వరం వస్తే డోసు పెంచాలి, వాంతులై మాత్ర నిలవకపోతే వెంటనే ఇంజెక్షన్‌కి పరుగెత్తాలి. రెండు నెలలకి టీఎస్‌హెచ్ 3.9, థైరాయిడ్ మాత్ర లేకుండానే!

మీ ఇంట్లో ఎవరికైనా టీఎస్‌హెచ్ పెరగడంతో పాటు బరువు తగ్గడం, లో బీపీ, ఒళ్ళు నల్లబడటం ఉంటే, పొద్దున 8 గంటల కార్టిసాల్ చూశారా అని డాక్టర్ని నిలబెట్టి అడగండి, మొహమాటపడకండి. నేనైతే ఇప్పుడు ఏ రిపోర్టు వచ్చినా పైన పెన్నుతో శాంపిల్ తీసిన టైం రాసి ఫైల్లో పెడుతున్నాను.