గ్యాలను, లీటరు, తాతయ్య సోల

జూన్ మొదట్లో పిల్లలకు సెలవులు ఇవ్వగానే గుంటూరు వెళ్ళాం. బ్రాడీపేటలో మా ఇంటి మేడ మీద నాన్న ఇరవై కుండీల్లో మిరప వేశారు. ఆకులు పైకి ముడుచుకుంటుంటే చూసి, "తామర పురుగు పట్టింది, వేపనూనె కొట్టాలి" అన్నారు. మా పదేళ్ళ అమ్మాయి "నేను కలుపుతా తాతయ్యా, నాకొచ్చు" అంటూ లేచింది. వచ్చిన మాట నిజమే. అమెరికాలో మేముండే కొలంబస్‌లో మా కరివేపాకు కుండీని చూసుకునేది తనే.

అక్కడి వేపనూనె సీసా మీద గ్యాలను నీళ్ళకు రెండు టేబుల్ స్పూన్లు అని ఉంటుంది. తనకు గుర్తున్నది ఆ రెండు స్పూన్లే. ఇక్కడి లీటరు స్ప్రే సీసాలో అంతే పోసి, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి, పొద్దున పది గంటల ఎండలో కొట్టేసింది. మూడో రోజుకల్లా లేత ఆకుల అంచులు గోధుమ రంగుకు తిరిగి మాడిపోయాయి. పిల్ల ఒకటే ఏడుపు, మొక్కల్ని చంపేశానని.

నాన్న ఒక్క మాట కూడా అనలేదు. "చావవు తల్లీ, మళ్ళీ చిగురేస్తాయి. ఎంత పోశావో చెప్పు" అని పక్కన కూర్చోబెట్టుకుని కాగితం తీశారు.

అమెరికా గ్యాలను 3.785 లీటర్లు. టేబుల్ స్పూను సుమారు 15 ఎం.ఎల్. కాబట్టి సీసా మీది లెక్క ప్రకారం లీటరుకు 8 ఎం.ఎల్. పడాలి. తను పోసింది 30. నాన్న వాడే మోతాదు లీటరుకు 5, అంటే పదహారు లీటర్ల ట్యాంకుకు 80. దాంతో పోలిస్తే ఆరు రెట్లయింది. పైగా ఎండలో నూనె మందంగా పడితే ఆకు మాడుతుంది.

ఇందులో తప్పు నాది. పద్నాలుగేళ్ళుగా రెండు కొలతల మధ్య బతుకుతున్నాను. పాలు గ్యాలన్లలో కొంటాను, పిల్లల జ్వరం మందు ఎం.ఎల్.లో పోస్తాను. అయినా స్పూను లెక్క చెప్పేటప్పుడు అది ఎన్ని నీళ్ళకో కూడా చెప్పాలని నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం నాన్న అటక మీంచి నాయనమ్మ కాలం నాటి ఇత్తడి సోల, తవ్వ దింపించారు. అమ్మాయి పంపు దగ్గర కూర్చుని సోలతో నీళ్ళు పట్టి తవ్వలో పోసింది. రెండో సోల పోసేసరికి నీళ్ళు తవ్వ అంచు దాకా వచ్చి, కాస్త ఉబ్బి, ఒలకకుండా నిలిచాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం అని నాన్న చెబుతుంటే దాని కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మా, మా బళ్ళో చెప్పినట్టే ఉంది! రెండు కప్పులు పైంటు, రెండు పైంట్లు క్వార్టు, నాలుగు క్వార్టులు గ్యాలను!"

నాకు ఇన్నేళ్ళలో తోచని పోలిక అది. మన దగ్గర ఊరు మారితే సోల మారేది. గ్యాలనూ అంతే, బ్రిటన్‌ది 4.546 లీటర్లు. మన దేశం 1956లో చట్టం చేసి మెట్రిక్‌కు మారింది. అమెరికాలో 1975లో చట్టం వచ్చినా మారడం తప్పనిసరి చేయలేదు. అందుకే మా పిల్లలకు రెండూ రావాలి.

మొన్న ఆదివారం పొద్దున అమ్మాయి మా గ్యాలను డబ్బాకు తెల్ల టేపు అంటించి, లీటరు లీటరుకు గీత గీసి, పక్కన తెలుగు అంకెలు వేసింది. వెంటనే తాతయ్యకు వీడియో కాల్ చేసింది.

"గ్యాలనుకు 19 ఎం.ఎల్. తాతయ్యా. నాలుగు టీ స్పూన్ల కంటే కొంచెం తక్కువ. సరేనా?"

"సరిగ్గా చెప్పావు బంగారం. ఎండ తగ్గాక కొట్టు" అని, ఆయన ఫోను కుండీల వైపు తిప్పారు. మిరప పూతకొచ్చింది.